లెంపలేసుకున్నాక కొట్టకూడదు

నన్ను జీవితంలో చాలామంది కొట్టారు. మా నాన్న కొట్టాడు. మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు కొట్టాడు. హాస్టల్ వార్డెన్ అయితే ముందు ఒకటి వేసి, ఆ తర్వాత ఏం చేశావో చెప్పమనేది. వాళ్ళందరినీ ఎప్పుడో మర్చిపోయాను. ఫ్రీమాంట్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో నా సూపర్‌వైజరు కొట్టిన దెబ్బ మాత్రం మర్చిపోలేదు. మర్చిపోదామన్నా నా ఎడమ చెవి పడనివ్వదు. ఎవరైనా అటువైపు నుంచి పలకరిస్తే ఇప్పటికీ తలంతా తిప్పి చూడాలి.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పటికి ఆ ఊళ్ళో మనవాళ్ళు చాలా తక్కువ. వచ్చిన మగవాళ్ళు ఇంజనీర్లు, వాళ్ళ భార్యల్లో కొందరు డాక్టర్లు. మేం ఇద్దరం ఏదీ కాదు. నేను బాపట్ల దగ్గర ఇంటర్ దాకా చదివి, పెళ్ళి చేసుకుని, ఆయన వెనకాల వచ్చాను. చదువు లేకపోయినా చెయ్యి వణకని ఆడవాళ్ళకి ఆ ఊళ్ళో దొరికే పని ఒకటుండేది, బోర్డులకి సోల్డరింగ్ చేయడం. ఆకుపచ్చ బోర్డు మీద చిన్న చిన్న పార్టులు గుచ్చి, వాటి కాళ్ళని కరిగిన సీసంతో అతకాలి. లేసు అల్లిన చేతులు నావి, ఆ పని ఇట్టే పట్టుబడింది. వేళ్ళ చివర్లు కాలి బొబ్బలెక్కేవి, అదొక్కటే బాధ.

బాధ ఇంకొకటి కూడా ఉండేది, మా సూపర్‌వైజరు. పొడగరి, గుబురు గడ్డం, అరిస్తే మెడ మీద నరాలు తేలేవి. నేవీలో పనిచేసి వచ్చానని వారానికోసారైనా చెప్పేవాడు. కోపమొస్తే చేతిలో ఉన్నది విసిరేవాడు. ఒకసారి కత్తెర విసిరితే వెళ్ళి నా వెనక గోడకి తగిలింది. ఇంకోసారి ఒక వియత్నాం పిల్ల కుర్చీని కాలితో తన్నితే ఆ పిల్ల కింద పడి గడ్డం పగిలింది. కిందపడ్డ పిల్లనే క్షమాపణ అడగమన్నాడు, అడిగింది. ఆ లైన్‌లో కూర్చున్నవాళ్ళం అందరం ఏదో ఒక దేశం నుంచి వచ్చినవాళ్ళమే. ఎవరికీ ఇంగ్లీషు సరిగా రాదు, ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందన్న ధైర్యమూ లేదు. అతనికి ఆ సంగతి బాగా తెలుసు.

నాకొక అలవాటుండేది. పని చేసేటప్పుడు తప్పు జరిగితే లెంపలేసుకునేదాన్ని. పార్టు తిరగేసి పెట్టినా, సీసం ఒలికినా, కళ్ళు మూసుకుని కుడి చేత్తో కుడి చెంపా, ఎడం చెంపా రెండు తట్లు తట్టుకోవడం. గుడికెళ్ళేవాళ్ళ అలవాటు కదా, క్రైస్తవుల ఇంటి పిల్లకి ఎక్కడిదంటారేమో. మా ఇంట్లో అది భక్తి కాదు, ఒప్పందం. మా నాన్న బడిపంతులు. తప్పు చేస్తే బెత్తం తీసేవాడు. బెత్తం లేచేలోపు మనంతట మనమే లెంపలేసుకుంటే బెత్తం మళ్ళీ మూలకి వెళ్ళిపోయేది. లెంపలేసుకున్న పిల్లని ఇంక కొట్టకూడదు. బెత్తం విరిగేదాకా కొట్టే మా నాన్న కూడా ఆ మాట ఎన్నడూ తప్పలేదు. మా పేట మొత్తం మీద అదే పద్ధతి. తాగొచ్చి పెళ్ళాన్ని చావబాదే మనిషి సైతం, ఆవిడ లెంపలేసుకుంటే బూతులు తిట్టుకుంటూ బయటికి పోయేవాడు. అమెరికా వచ్చినా నా చెయ్యి ఆ ఒప్పందాన్ని మర్చిపోలేదు.

లైన్‌లో నా ఎదురు బల్ల దగ్గర ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ కూర్చునేది. నాకంటే పదేళ్ళు పెద్దది. మొదటిసారి నేను లెంపలేసుకోవడం చూసి భయపడింది, తలనొప్పా అని అడిగింది. చెబితే నవ్వింది. మేమిద్దరం మధ్యాహ్నం బయట పార్కింగ్ లాట్ అరుగు మీద కూర్చుని తినేవాళ్ళం, ఎందుకంటే నా గోంగూరా ఆవిడ ఎండుచేపా లోపల ఎవరికీ గిట్టేవి కావు. తీరప్రాంతం దానినేమో, నాకు ఆ ఎండుచేప వాసనకి ప్రాణం లేచొచ్చేది. డబ్బాలు మార్చుకుని తినేవాళ్ళం. ఆ ఫ్యాక్టరీలో నాకు స్నేహమంటే ఆవిడే.

సూపర్‌వైజరుకి నా అలవాటు తమాషాగా ఉండేది. నా దగ్గరికి వచ్చి తన చెంపలు తాను టపటపా వాయించుకుని, నాలుక బయటపెట్టి చూపించేవాడు. లైన్ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాం మరి.

ఆ రోజు పొద్దున్నే మా లైన్ నుంచి వెళ్ళిన బోర్డులన్నీ వెనక్కి వచ్చాయి. ఒక పార్టు అన్నిటిలోనూ తిరగేసి ఉంది. అలా పెట్టమన్నది అతనే. నమూనా బోర్డు తెచ్చి, మా అందరికీ చూపించి, ఇలాగే గుచ్చమన్నాడు. కానీ పైవాళ్ళ దగ్గర చీవాట్లు తిని వచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరు గుర్తు చేస్తారు. ట్రే నిండా బోర్డులు తెచ్చి నా బల్ల మీద ధడాలున పడేశాడు. మొహం మీద మొహం పెట్టి అరవడం మొదలుపెట్టాడు. ఉమ్మి నా కళ్ళద్దాల మీద పడుతోంది.

తప్పు నాది కాదు. అయినా చెయ్యి దానంతటదే లేచింది. కళ్ళు మూసుకుని లెంపలేసుకున్నాను.

"ఉండు, నేను సాయం చేస్తా" అన్నాడు.

కళ్ళు తెరిచేలోపు కొట్టాడు. అరచెయ్యి విప్పి, భుజం దగ్గర్నుంచి ఊపి కొట్టాడు. కళ్ళద్దాలు ఎక్కడో పడ్డాయి. తల వెళ్ళి ల్యాంపు కడ్డీకి తగిలింది. ఎడం చెవిలో ఏదో చిరిగినట్టయి, ఆ తర్వాత గుయ్యిమని ఒకటే మోత. ఆ మోతలో మెషీన్ల చప్పుడు కూడా వినపడలేదు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

నొప్పి సంగతి తర్వాత. నాకు ముందు వచ్చింది ఆశ్చర్యం. లెంపలేసుకున్న మనిషిని కొట్టాడు. తాగుబోతులు కూడా దాటని గీత దాటాడు. ఆ ఆశ్చర్యంలోంచి కోపం ఎలా వచ్చిందంటే, నా ఒంట్లో అంత కోపం ఉందని నాకే తెలియదు. బల్ల మీద ట్రే రెండు చేతులా ఎత్తి అతని మీదికి విసిరాను. అంచు వెళ్ళి రొమ్ముకి తగిలింది. బోర్డులు నేలంతా చెల్లాచెదురై విరిగాయి. నేను తెలుగులో ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయను. విసిరినందుకు ఇప్పటికీ సిగ్గుపడటం లేదు.

గంటలోపు నన్ను గేటు బయట వదిలేశారు. కంపెనీ ఆస్తి కావాలని పగలగొట్టింది, సూపర్‌వైజరు మీద దాడి చేసింది, ఉద్యోగం తీసేస్తున్నాం అన్నారు. మరి నా చెంప సంగతేమిటి అంటే ఉద్యోగుల సంగతులు చూసే పర్సనల్ ఆఫీసులో ఆవిడ నా వంక జాలిగా చూసింది. "నిన్ను నువ్వు కొట్టుకుంటావట కదా. లైన్‌లో అందరూ చూశారట" అంది.

నా అలవాటు తెచ్చి నా నోట్లోనే కుక్కారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన సోఫాలో కూర్చుని గంజి తాగుతున్నారు, స్ట్రాతో. ఆయన సంగతి చెప్పాలి. ఒక చిన్న కొట్లో కౌంటర్ దగ్గర పనిచేసేవారు. అంతకు ముందు నెల ఒకడు తుపాకీతో వచ్చాడు. ఈయన మారుమాట్లాడకుండా గల్లా తెరిచి ఇచ్చేశారు. వాడు డబ్బు తీసుకుని, పోతూ పోతూ తుపాకీ మడమతో దవడ మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఇప్పటికీ తెలియదు. దవడ రెండు చోట్ల విరిగింది, డాక్టర్లు పైపళ్ళకీ కిందపళ్ళకీ తీగలు కట్టి నోరు మూసేశారు. కొట్టు యజమాని ఈయన బదులు ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. అంటే మా ఇంటికి అన్నం నా సోల్డరింగ్ మీదే వస్తోంది.

నా మొహం చూసి ఆయన గ్లాసు పెట్టేశారు. పళ్ళ సందుల్లోంచి ఏదో అన్నారు. ఎడంవైపు కూర్చున్నారు కాబట్టి నాకు వినపడలేదు. ఇంట్లో ఒకరికి నోరు రాదు, ఇంకొకరికి చెవి రాదు. నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది. ఆయన లేచి నా కుడివైపుకి వచ్చి కూర్చున్నారు.

"ఎవడే వాడు?" అన్నారు.

అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేశాను. ఉద్యోగం పోయినవాళ్ళకి ఇంకోటి దొరికేదాకా ప్రభుత్వం ఇచ్చే భృతి అది. కానీ తన తప్పుతో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళకి ఇవ్వరు. ఆ ఆఫీసులో కిటికీ వెనక ఒకాయన నన్ను ప్రశ్నలడిగాడు. ట్రే విసిరావా అన్నాడు. విసిరాను, అతను కొట్టాక విసిరాను అన్నాను. అప్పుడు కాగితం చూసి ఇంకోటి అడిగాడు. "మీరు పని చేసే చోట మీ మొహం మీద మీరు కొట్టుకునేవారా?"

అవును అన్నాను.

అబద్ధం చెప్పడం చేతకాక కాదు. అడిగింది నిజమే కాబట్టి అవునన్నాను. ఇంకా వివరంగా చెబితే అర్థం చేసుకుంటాడనుకుని, మా వాళ్ళందరం తప్పు చేస్తే కొట్టుకుంటాం అని కూడా అన్నాను. ఆయన ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. తిరస్కరిస్తున్నామని వచ్చిన నోటీసులో నా మాటే నాకు అప్పజెప్పారు. తనను తాను కొట్టుకునే అలవాటు ఉన్నట్టు ఒప్పుకుంది, సూపర్‌వైజరు కొట్టాడన్నదానికి ఆధారం లేదు అని. చెవి డాక్టరు ఇచ్చిన కాగితంలో కర్ణభేరికి చిల్లు పడిందని ఉంది. ఎవరు కొడితే పడిందో డాక్టరుకి ఎలా తెలుస్తుంది.

ఆ నోటీసు పట్టుకుని వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో. ముందు అద్దె గురించి భయం వేసింది. తర్వాత భయం పోయి ఒళ్ళు మండింది. డబ్బు రాకపోతే ఏ మోటల్లోనో పక్కలు దులిపి బతుకుతాం. కానీ ప్రభుత్వం రబ్బరు ముద్ర వేసి, నీ చెవి నువ్వే పగలగొట్టుకున్నావు అంటోంది. అది రాసి ఉన్నంతకాలం అతను కొట్టలేదన్నమాటే. నాకు ఆ మాట మార్పించాలని ఉంది. అన్నం కంటే ఎక్కువగా అదే కావాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వెనక హాల్లో మన తెలుగువాళ్ళ కూడిక జరిగేది. మా అయ్యగారు వారమంతా ఆఫీసులో ఇంజనీరు, ఆదివారం పాస్టరు. మంచి మనిషి. నా సంగతి విని పక్కకి పిలిచారు.

"అమ్మా, ఇవన్నీ మనకెందుకు? కొత్త దేశం. కంపెనీతో పెట్టుకుంటే ఫ్యూచర్‌లో ఎక్కడా జాబ్ ఇవ్వరు. కొట్టినవాడికి రెండో చెంప కూడా చూపమని ప్రభువు చెప్పిన మాట నీకు తెలుసు కదా. క్షమించెయ్."

"క్షమించాను అయ్యగారూ. అప్పీల్ కూడా చేస్తాను."

"రెండూ ఎలా కుదురుతాయమ్మా?"

"క్షమించేది నేను. అప్పీల్ ఆఫీసు వాళ్ళది. దేని దారి దానిది."

అయ్యగారు టీ తాగారు. నేను క్షమించలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కప్పు ఖాళీ చేసి, హియరింగ్ రోజు రైడ్ కావాలా అని అడిగారు. అక్కర్లేదు, ఈయన నోరు పనిచేయదుగాని కాళ్ళు చేతులూ పనిచేస్తాయి అన్నాను.

హియరింగ్ అంటే కోర్టులా ఉంటుందనుకుని పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నాను. తీరా చూస్తే కిటికీ లేని చిన్న గది. ఒక పొడవాటి బల్ల, బల్ల మధ్యలో క్యాసెట్ రికార్డరు. జడ్జి నల్ల గౌను కూడా వేసుకోలేదు. స్వెటరు వేసుకున్న సన్నటి పెద్దాయన, పక్కన కాఫీ ఫ్లాస్కు. బల్లకి అటు పర్సనల్ ఆఫీసు ఆవిడా, సూపర్‌వైజరూ. సూపర్‌వైజరు గడ్డం ట్రిమ్ చేసుకుని టై కట్టుకున్నాడు. ఆ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను జడ్జి వంక చూడకుండా ఆ చేతులే చూస్తున్నాను.

జడ్జి టేపు నొక్కి, కేసు ఏమిటో టేపుకి చెప్పాడు. ట్రే విసిరినట్టు ఈమె ఒప్పుకుంది, కాబట్టి తేలాల్సింది ఒక్కటే, అంతకు ముందు ఈమెను ఎవరు కొట్టారు అన్నాడు. సూపర్‌వైజరు కొట్టి ఉంటే, దెబ్బ తిన్న మనిషి ఆ క్షణంలో చేసిన పనిని తప్పు కింద లెక్కేయరు. తనను తానే కొట్టుకుని విసిరి ఉంటే భృతి లేదు. ఆయన అంత సూటిగా చెప్పడం నాకు నచ్చింది, భయమూ వేసింది.

సూపర్‌వైజరు చెప్పాల్సింది ఎంత మృదువుగా చెప్పాడో. ఈమె మంచి వర్కరేనట. మనసు మాత్రం స్థిమితం లేదట. మందలిస్తే మొహం వాయించుకుంటుందట, ఆ రోజు మరీ మితిమీరిందట. ఆపబోతే ట్రేతో కొట్టిందట. ఆ గొంతు వింటే నేనే నమ్మేదాన్ని.

జడ్జి నా వైపు తిరిగాడు. "మీరెందుకు కొట్టుకుంటారు?"

"ఎవరూ కొట్టకుండా ఉండటానికి."

ఆయన రాస్తున్న పెన్ను ఆగింది. చెప్పమన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మా నాన్న, ఆయన బెత్తం, మూలకి వెళ్ళిపోయే బెత్తం. మా దగ్గర ఒక మనిషి ఇది చేశాక ఇంక కొట్టకూడదు, చాలా చెడ్డవాళ్ళు కూడా కొట్టరు అన్నాను. పర్సనల్ ఆఫీసు ఆవిడ గడియారం చూసుకుంది.

అప్పుడు కంపెనీ వాళ్ళు తమ సాక్షిని పిలిచారు. తలుపు తెరుచుకుని నా ఎదురు బల్ల ఆవిడ వచ్చింది.

ఆవిడ నా వంక చూడలేదు. చర్చికి వేసుకునే గౌను వేసుకుంది, చేతిలో జపమాల. వచ్చి సూపర్‌వైజరు పక్క కుర్చీలో అంచున కూర్చుంది. అడిగినవాటికి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అవును, ఈమె మొహం కొట్టుకుంటుంది. చాలాసార్లు చూశాను. ఆ రోజు కూడా శబ్దం వినిపించింది. తలెత్తితే ఈమె చెయ్యి ఈమె చెంప మీద ఉంది.

దెబ్బ తిన్నవాళ్ళ చెయ్యి చెంప మీద కాక ఎక్కడుంటుంది. అరవాలనిపించింది. ఎన్ని రోజులు నా డబ్బాలో తిన్నావే అని అడగాలనిపించింది. పక్కనే కూర్చున్న మా ఆయన బల్ల కింద నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఆపారు.

"శబ్దం ఎంత గట్టిగా వినిపించింది?" అన్నాడు జడ్జి.

"గట్టిగా. మెషీన్లు ఆన్‌లో ఉన్నాయి. అయినా అందరూ తలెత్తారు."

సూపర్‌వైజరు అవునని తలాడించాడు. జడ్జి రాసుకుని నా వైపు చూశాడు. "మీరు ఎలా కొట్టుకుంటారో ఒకసారి చూపిస్తారా?"

కళ్ళు మూసుకుని లెంపలేసుకున్నాను, రోజూ వేసుకున్నట్టే. కుడి చెంపా, ఎడం చెంపా, వేళ్ళ చివర్లతో. పట్టుచీర చప్పుడు దానికంటే ఎక్కువ వినిపించి ఉంటుంది.

జడ్జి రికార్డరు వైపు వంగి, "టేపు కోసం చెబుతున్నాను. శబ్దం నాకు వినపడలేదు" అన్నాడు.

సూపర్‌వైజరు నవ్వాడు. లైన్‌లో నా ముందు నాలుక బయటపెట్టినప్పటి నవ్వే అది. "ఇక్కడ మెల్లగానే చేస్తుంది సార్. ఆ రోజు గట్టిగా కొట్టుకుంది."

నాకు ఏమైందో చెప్పలేను. ఆలోచించి చేసింది కాదు. గట్టిగా అంటే ఎంతో చూడు అన్నట్టు, చెయ్యి భుజం దాకా వెనక్కి తీసి, నా కుడి చెంప మీద నా బలమంతా పెట్టి కొట్టుకున్నాను. గదంతా ఛెళ్ళుమంది. కళ్ళముందు తెల్లగా అయింది. పెదవి పళ్ళకి తగిలి చిట్లి, రక్తం బొట్టు పట్టుచీర మీద పడింది. ఆయన కట్టేసిన నోటితోనే గావుకేక పెట్టి లేచి నా చెయ్యి పట్టుకున్నారు. జడ్జి లేచి నిలబడ్డాడు. పర్సనల్ ఆఫీసు ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవలేదు. సూపర్‌వైజరు వంక చూస్తూ కూర్చున్నాను.

"కాదు" అంది ఎవరో.

ఎదురు బల్ల ఆవిడ. ఇప్పుడు నా వంకే చూస్తోంది.

"ఏం కాదు?" అన్నాడు జడ్జి.

"ఈ శబ్దం కాదు. ఆ రోజు ఇంకా పెద్దగా వచ్చింది." బల్ల మీద సూపర్‌వైజరు చేతుల వంక చూసింది. "ఆ రోజు చెయ్యి పెద్దది."

సూపర్‌వైజరు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. బల్ల మీద పిడికిలితో గుద్దాడు, కాఫీ ఫ్లాస్కు దొర్లింది. ఆవిడ మీదికి వంగి, నీ ఉద్యోగం చూసుకో, రేపు నీకు అక్కడ కుర్చీ ఉంటుందనుకుంటున్నావా అని అరిచాడు. మెడ మీద నరాలు తేలాయి. ఆవిడ జపమాల పట్టుకున్న చేతులతోనే తల కప్పుకుంది. నాకు ఆ వియత్నాం పిల్ల గుర్తొచ్చింది. జడ్జి గొంతు పెంచలేదు. "కూర్చోండి. టేపు నడుస్తోంది" అన్నాడు.

అప్పటిదాకా మృదువుగా మాట్లాడిన మనిషి టేపు మీద అరుస్తూనే ఉన్నాడు. అతని మీద ఎవరూ ఇంకేం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తర్వాత జడ్జి ఆవిణ్ణి మళ్ళీ అడిగాడు, ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉండు, నేను సాయం చేస్తా అన్న మాటతో సహా.

బయట పార్కింగ్ లాట్‌లో ఆవిడ నా వైపు రాలేదు. నేనూ వెళ్ళలేదు. చివరికి నిజం చెప్పినందుకు కృతజ్ఞత ఉంది, ముందు అబద్ధం చెప్పినందుకు మంట ఉంది. ఏది ముందో తేల్చుకోలేక కారెక్కి కూర్చున్నాను. దారంతా ఆయన ఒక చేత్తో డ్రైవ్ చేస్తూ ఇంకో చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నారు, మళ్ళీ లేస్తుందేమోనని కాబోలు.

తీర్పు పోస్టులో వచ్చేసరికి ఆయన దవడ తీగలు తీసేశారు. కవరు నేనే చించాను, చదవలేకపోయాను. ఆయన్ని చదవమన్నాను. సూపర్‌వైజరు ఆమె చెంప మీద కొట్టాడు అని ఉంది. దెబ్బకి తట్టుకోలేక ఆ క్షణంలో ట్రే విసిరిందేగాని అది భృతి నిరాకరించాల్సినంత తప్పు కాదని, మొదటి నిర్ణయం రద్దు చేస్తున్నామని ఉంది. ఆ మొదటి వాక్యం మళ్ళీ చదవమన్నాను. నా కుడి చెవి దగ్గరికి వంగి చదివారు. మళ్ళీ చదవమన్నాను. దవడ నొప్పి పుడుతోందే అంటూనే చదివారు. ఆదివారం అయ్యగారు మా పేరు మీద దేవుడికి స్తుతి చెల్లించారు, క్షమాపణ ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తెరిస్తే ఎదురు బల్ల ఆవిడ. చేతిలో బ్రౌన్ కాగితం పొట్లం, ఎండుచేప వాసన గుప్పున కొట్టింది. నేను లోపలికి రమ్మనలేదు. ఇంకా మంట చల్లారలేదు నాకు.

"సోమవారం నుంచి రావద్దన్నారు" అంది. అని, పొట్లం గడప పక్కన పెట్టింది. పెట్టి, కళ్ళు మూసుకుని, తన చెంపలు తాను కొట్టుకుంది.

ఇన్నాళ్ళు ఎదురుగా కూర్చుని చూసినా ఆవిడకి పద్ధతి రాలేదు. రెండు చేతులూ ఒకేసారి ఎత్తి, అరచేతులతో, చప్పుడయ్యేట్టు కొట్టుకుంటోంది. ఒకటి, రెండు, ఇంకా ఆపడం లేదు. చెంపలు ఎర్రబడుతున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, నేను ఏం చేస్తానా అని మెడ బిగబట్టి నిలబడింది.

నాలో ఆ మంట ఎటు పోయిందో తెలియదు. రెండు చేతులూ పట్టుకుని దించాను. "చాలు. ఇది చేశాక ఇంక ఎవరూ కొట్టకూడదు" అన్నాను. "నేనూ కొట్టకూడదు, నువ్వూ కొట్టకూడదు."

కళ్ళు తెరిచింది. ఇప్పుడేం చేయాలి అని అడిగింది, ఉద్యోగం గురించి.

"ముందు అప్లై చేస్తావు. వాళ్ళు కాదంటారు. అప్పుడు అప్పీల్ చేద్దాం. సాక్షిగా నేనొస్తాను."

ఆయన వంటింట్లోంచి తొంగి చూసి, ఇంకో గ్లాసు బియ్యం కడిగారు. నేను ఆవిడ చేతులు వదలకుండానే లోపలికి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టాను, నా కుడి చెవి వైపు.